చైనాలో ఇంగ్లీష్ టీచర్ ఆఫర్ వచ్చింది, వెళ్లొచ్చా? అక్కడ ఉన్నవాళ్లు చెప్పండి

#1 బెజవాడ_ఫిజిక్స్

అందరికీ నమస్కారం. నాకు 31 ఏళ్లు. విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో ఎనిమిదేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. ఎమ్మెస్సీ, బీఈడీ చేశాను. పొద్దున ఆరున్నరకి స్టడీ అవర్‌తో మొదలైతే రాత్రి తొమ్మిదిన్నరకి ఇల్లు చేరతాను. ఆదివారం వీక్లీ టెస్టు. విసుగొచ్చేసింది.

ఫేస్‌బుక్‌లో ఒక ఏజెంటు పరిచయమయ్యాడు. చైనాలో చిన్నపిల్లల బడిలో ఇంగ్లీష్ టీచర్ ఉద్యోగమట. నెలకి 1.2 ‘వాన్’ అన్నాడు. అదెంతో నాకు తెలీదు, అడిగితే నామోషీగా ఉంటుందని ఊరుకున్నాను. రూము ఫ్రీ. ముందు బిజినెస్ వీసా మీద వెళ్తే, అక్కడికి వెళ్లాక మార్పిస్తారట. ఫీజు లక్షన్నర.

మా ఆవిడ వద్దంటోంది. అమ్మయితే ‘పాములు తినే ఊరికి పోతావట్రా’ అంటోంది. అక్కడ టీచర్‌గా చేసినవాళ్లు ఉంటే రోజు ఎలా గడుస్తుందో, తిండి ఎలా ఉంటుందో, పిల్లలు మాట వింటారో లేదో ఉన్నదున్నట్టు చెప్పండి.

#2 అత్తిలి_సత్తిబాబు

పోయిపోయి చైనాయా? సరిహద్దులో కొట్టుకుంటుంటే నువ్వెళ్లి వాళ్ల పిల్లలకి ఏబీసీడీలు నేర్పుతావా? అదీ లక్షన్నర ఎదురిచ్చి! ఆ డబ్బుతో ఓ గేదెను కొనుక్కో, నిమ్మళంగా ఉంటావు.

#3 ఒంగోలు_గిత్త

గేదె సంగతి తర్వాత. తమ్ముడూ, డబ్బు కట్టేశావా? కట్టకపోతే కట్టకు.

నువ్వు చెప్పిన దారిలోనే నేను 2019లో వెళ్లాను. అదే బిజినెస్ వీసా, అదే ‘అక్కడికెళ్లాక మార్పిస్తాం’. ఒక ట్యూషన్ సెంటర్లో అయిదేళ్ల పిల్లలకి ఫోనిక్స్, అంటే ఇంగ్లీష్ అక్షరాల ఉచ్చారణ చెప్పాను. ఎవరైనా అడిగితే దక్షిణాఫ్రికా అని చెప్పమన్నారు. నా యాసకి దక్షిణాఫ్రికా! తనిఖీ అని వాసన తగిలితే చాలు, రిసెప్షన్ అమ్మాయి పరిగెత్తుకొచ్చేది. మేం ముగ్గురం వెనక మెట్ల మీంచి దిగి, పక్క సందులో నూడుల్స్ కొట్లో కూర్చునేవాళ్లం. ఆ కొట్టువాడికి మా సంగతి అర్థమైపోయి, మేం కనపడగానే మూడు గిన్నెలు పెట్టేవాడు.

వీసా మార్చనే లేదు. 2021 జులైలో అక్కడి ప్రభుత్వం ‘ష్వాంగ్ జ్యెన్’ అని ఒక విధానం తెచ్చింది. పిల్లల మీద హోంవర్కు భారం, ట్యూషన్ల భారం, రెండూ తగ్గించాలని. లాభానికి నడిపే సబ్జెక్టు ట్యూషన్లని ఆపించారు. శని ఆదివారాల్లో, సెలవుల్లో చెప్పకూడదన్నారు. ఓ పొద్దున వెళ్లేసరికి మా సెంటర్‌కి తాళం. వీచాట్, అంటే వాళ్ల వాట్సాప్ లాంటిది, ఆ గ్రూపులోంచి మమ్మల్ని తీసేశారు. రెండు నెలల జీతం పోయింది. ఎవరికి చెప్పుకుంటాం? మేం అక్కడ పని చేస్తున్నట్టు కాగితమే లేదు.

నేను దొరకలేదు. నాతో చేసినాయన వేరే ఊళ్లో దొరికాడు. జరిమానా కట్టించుకుని విమానం ఎక్కించారు.

#4 సూ_లావ్‌షి

గిత్త గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను హునాన్ రాష్ట్రంలో చాంగ్‌షా అనే ఊళ్లో ఉంటాను. సొంతూరు తుని. ఒక హైస్కూల్లోని ఇంటర్నేషనల్ విభాగంలో లెక్కలు చెబుతాను, ఇది ఏడో ఏడు.

ముందు ఆ వాన్ సంగతి. వాన్ అంటే పదివేలు. వాళ్లకి లక్ష లేదు, మనకి వాన్ లేదు. పది వాన్‌లు మన లక్ష, వాన్ వాన్‌లు మన పది కోట్లు. మీకు చెప్పింది 12 వేల యువాన్లు. యువాన్ 12 రూపాయలకి కాస్త అటూ ఇటూ ఉంటుంది కాబట్టి లక్షా నలభై వేల పైమాటే. లెక్కల మాస్టారినై ఉండి మొదటి ఏడాది నేనూ కూరగాయల మార్కెట్ నుంచి బ్యాంకు దాకా ఈ సున్నాల దగ్గర తడబడ్డాను. మీరు నామోషీ పడక్కర్లేదు.

ఇక అసలు సంగతి. అక్కడ జీతానికి పని చేయాలంటే జెడ్ వీసా మీద దిగాలి. దిగిన 30 రోజుల్లో నివాస పర్మిట్‌కి దరఖాస్తు పెట్టాలి. ఇంట్లో దిగితే 24 గంటల్లో పోలీస్ స్టేషన్లో పేరు రాయించుకోవాలి. బిజినెస్ వీసా మీద పాఠం చెబితే అది అక్రమ పని. చట్టంలో 5 వేల నుంచి 20 వేల యువాన్ల దాకా జరిమానా ఉంది, తీవ్రమైతే 5 నుంచి 15 రోజులు లోపల పెట్టడమూ ఉంది. మీ ఏజెంటు ఇవేవీ చెప్పి ఉండడు.

ఇంకొకటి. ఇంగ్లీష్ టీచర్‌గా వర్క్ పర్మిట్ సాధారణంగా ఇంగ్లీష్ మాతృభాషగా లెక్కేసే దేశాల పాస్‌పోర్టులకే ఇస్తారు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా. మన ఇంగ్లీష్ ఎంత బాగున్నా ఆ జాబితాలో మనం లేం. గిత్త గారిని దక్షిణాఫ్రికా అని చెప్పమన్నది అందుకే.

కానీ మీరు ఫిజిక్స్ మాస్టారు కదా, ఇంగ్లీష్ జోలికి ఎందుకు పోతున్నారు? విదేశాలకి వెళ్లే పిల్లల కోసం పెద్ద హైస్కూళ్లలో ఏ లెవెల్, ఐబీ అనే విదేశీ సిలబస్‌ల విభాగాలు ఉంటాయి. అక్కడ లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఇంగ్లీష్‌లో చెప్పేవాళ్లు కావాలి. డిగ్రీ ఉండి, అదే పనిలో కనీసం రెండేళ్ల అనుభవం ఉండి, పోలీసు సర్టిఫికెట్, ఆరోగ్య పరీక్ష సరిగ్గా ఉంటే మనకీ పర్మిట్ వస్తుంది. ఎనిమిదేళ్ల అనుభవం చేతిలో పెట్టుకుని దొంగదారిన పోవడం ఎందుకు?

డిగ్రీ కాగితాల పని మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి. 2023 నవంబర్ 7 నుంచి చైనాలో అపోస్టిల్, అంటే ఎంబసీ ముద్ర అక్కర్లేకుండా చేసే ఒకే ధ్రువీకరణ, చెల్లుతోంది గానీ, మన దేశానికీ వాళ్లకీ మధ్య అది వర్తించదు. మనకి పాత దారే: రాష్ట్రం ముద్ర, విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన చైనా ఎంబసీ ముద్ర. నాకు రెండున్నర నెలలు పట్టింది.

#5 బెజవాడ_ఫిజిక్స్

సూ గారూ, గిత్త అన్నా, ఇద్దరికీ దండాలు. డబ్బు ఇంకా కట్టలేదు, సోమవారం కడదామనుకున్నాను! సరే, సక్రమంగా వెళ్లాననే అనుకుందాం. రోజు ఎలా ఉంటుంది? ఇక్కడిలా రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబెడతారా?

#6 సూ_లావ్‌షి

పొద్దున 6:20కి మైకులో పాట. నేను క్యాంపస్‌లోనే టీచర్ల క్వార్టర్స్‌లో ఉంటాను, ఆ పాట తప్పించుకోవడం కుదరదు. ఏడుంపావుకల్లా పిల్లలు క్లాసుల్లో పుస్తకం ఎత్తి పట్టుకుని పెద్దగొంతుతో చదువుతుంటారు. యాభై మంది, యాభై పేజీలు, ఒకేసారి. మన వీధిబడిలో వల్లెవేసినట్టే. బెల్లు ఉండదు, పీరియడ్‌కి ఒక సంగీతం ముక్క వేస్తారు. లోపలికి అడుగుపెట్టగానే క్లాస్ లీడర్ ‘చీ లీ’, లేవండి అని అరుస్తాడు, అందరూ లేచి ‘లావ్‌షి హావ్’, నమస్తే మాస్టారూ అంటారు. మన ‘గుడ్మాణింగ్ సా...ర్’ రాగం గుర్తొచ్చి మొదటి రోజు నాకు నవ్వొచ్చింది.

మధ్యలో కళ్ల వ్యాయామం అని ఒకటుంది. మైకులో ఒకటీ రెండూ మూడూ అని ఆడగొంతు లెక్కపెడుతుంటే, పిల్లలంతా కళ్లు మూసుకుని కనుబొమల దగ్గర, కణతల దగ్గర వేళ్లతో రుద్దుకుంటారు. 1960ల నుంచీ ఉందట. దానితో చూపు మెరుగుపడుతుందో లేదో గానీ, నా క్లాసులో యాభై మందిలో నలభై మందికి కళ్లజోళ్లే.

మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండు దాకా నిద్ర. ఆ టైములో బడి మొత్తం పడుకుంటుంది. పిల్లలు డెస్కు మీద చిన్న దిండు వేసుకుంటారు, స్టాఫ్‌రూములో మడతమంచాలు దిగుతాయి. మొదటి వారం నాకు తెలీక ఆ టైములో ప్రింటర్ ఆన్ చేశాను. ఎవరూ ఏమీ అనలేదు. ఎనిమిది మంది ఒకేసారి కళ్లు తెరిచి నా వంక చూసి మళ్లీ మూసుకున్నారు. ఇప్పుడు నాకూ ఓ మడతమంచం ఉంది.

రాత్రి స్టడీ పదింటి దాకా ఉంటుంది. మీరు దేన్నుంచి పారిపోదామనుకుంటున్నారో అది అక్కడా ఉంది. కాకపోతే దానికి మనల్ని పిలవరు. మనల్ని ‘వైజ్యావ్’ అంటారు. వై అంటే బయట, అంటే బయటి టీచరు. ఆ బయట అన్నది మంచికీ ఉంటుంది, చెడుకీ ఉంటుంది. నాకు వారానికి 18 పీరియడ్లు, సాయంత్రం అయిదింటికి నా పని అయిపోతుంది. పక్క సీటులో ఉండే క్లాస్ టీచరు, అదే ‘బాన్‌జూరెన్’, పిల్లాడు అన్నం తిన్నాడా లేదా అన్న దగ్గర్నుంచి తల్లిదండ్రుల గొడవల దాకా అన్నీ మోస్తుంది. రాత్రి పదకొండుకి కూడా తల్లులు ఆవిడకి వీచాట్‌లో మెసేజ్‌లు పెడతారు. నాకు పెట్టరు. అదే మాదిరి, స్టాఫ్ మీటింగుకీ నన్ను పిలవరు. అక్కడ ఏం తేల్చారో పిల్లలు చెబితే తెలుస్తుంది. పాఠం అంతా సిద్ధం చేసుకుని వెళ్తే క్లాసు ఖాళీగా ఉంటుంది. కిటికీలోంచి చూస్తే అందరూ గ్రౌండులో. ఆ రోజు స్పోర్ట్స్ డే. ఇలా నాకు ఏటా కనీసం నాలుగుసార్లు జరుగుతుంది.

సెలవుల్లో ఒక మెలిక ఉంది, ‘త్యావ్‌షియు’. అక్టోబర్ ఒకటిన జాతీయ దినోత్సవానికి వారం సెలవు ఇస్తారు గానీ, అందులో కొన్ని రోజులు ముందో వెనకో వచ్చే ఆదివారం శనివారం పని చేసి తీర్చాలి. ఆదివారం నాడు బుధవారం టైమ్‌టేబుల్ నడుస్తుంది. మన కాలేజీ వీక్లీ టెస్టు గుర్తొచ్చి ఆ రోజు మాత్రం నాకు ఇల్లు బాగా గుర్తొస్తుంది.

ఇక వీచాట్ గ్రూపులు. ప్రిన్సిపల్ ఆఫీసు నుంచి ఒక నోటీసు వస్తుంది. కింద అరవై మంది టీచర్లు వరసగా ‘షౌదావ్’, ‘షౌదావ్’ అని పెడతారు. అందింది అని అర్థం. నేను బొటనవేలు గుర్తు పెట్టాను. ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, మీకు నోటీసు అందలేదా అని.

#7 పాలమూరు_పిల్ల

సూ సర్, ఆ షౌదావ్ చదివి ఇంట్లో ఒక్కదాన్నే పగలబడి నవ్వుకున్నాను. నేను షాన్‌డాంగ్‌లో ఒక మెడికల్ యూనివర్సిటీలో నాలుగేళ్లు ఫిజియాలజీ చెప్పి వచ్చాను. ఇంగ్లీష్ మీడియం ఎంబీబీఎస్ బ్యాచ్, క్లాసులో సగం మన దేశం పిల్లలే. ఖమ్మం, కర్నూలు, శ్రీకాకుళం నుంచి కూడా ఉండేవాళ్లు. అటెండెన్స్ కోసం వాళ్లు తెలుగులో బతిమాలితే చైనా సార్లకి అర్థం కాదు, నాకు అవుతుంది. అదొక్కటే నా ఇబ్బంది.

ఆడవాళ్లు ఎవరైనా చదువుతుంటే వాళ్ల కోసం ఒక మాట. రాత్రి పదకొండుకి ఒంటరిగా బస్సు దిగి నడిచి వచ్చేదాన్ని, నాలుగేళ్లలో ఒక్కసారి కూడా భయపడాల్సిన పని పడలేదు. మార్చి 8న ఆడ స్టాఫ్‌కి సగం పూట సెలవు కూడా ఇస్తారు.

చలి గురించి ఎవరూ చెప్పలేదు. మాది ఉత్తరం కాబట్టి నవంబర్ సగం నుంచి మార్చి సగం దాకా ఊరంతటికీ గొట్టాల్లో వేడి వస్తుంది. బయట మంచు పడుతుంటే ఇంట్లో కాటన్ నైటీలో తిరిగేదాన్ని. పాపం దక్షిణం వాళ్లకి అది లేదు.

#8 సూ_లావ్‌షి

లేదమ్మా, లేదు. ఛిన్‌లింగ్ కొండలు, హ్వాయ్ నది, ఉత్తరాన్నీ దక్షిణాన్నీ విడదీసే ఆ గీతకి కింద ఉన్నవాళ్లకి గొట్టాల వేడి లేదు. చాంగ్‌షా గీతకి కిందే. జనవరిలో బయట రెండు డిగ్రీలు ఉంటే క్లాసులో మూడు. పైగా గాలి ఆడాలని కిటికీలు తెరుస్తారు. పిల్లలంతా బొంతల్లాంటి కోట్లలో ఉబ్బి కూర్చుంటారు, నేను చేతికి తొడుగులతోనే సుద్దముక్క పట్టుకుంటాను. ఇళ్లలో ఒక బల్ల ఉంటుంది. బల్ల కింద కరెంటు కుంపటి, బల్ల మీంచి నేల దాకా దుప్పటి. కాళ్లు లోపల పెట్టుకుని అక్కడే తింటారు, అక్కడే పేపర్లు దిద్దుతారు. తుని వాడిని, ఆ బల్ల కొనుక్కునేదాకా మొదటి చలికాలం ఏడుపొక్కటే తక్కువ.

#9 బెజవాడ_ఫిజిక్స్

పిల్లలకి ఇంగ్లీష్ వస్తుందా? మనం చెప్పేది అర్థమవుతుందా?

#10 సూ_లావ్‌షి

కాగితం మీద వస్తుంది. నోటితో రాదు, అంటే సిగ్గు. ‘అర్థమైందా’ అంటే అందరూ తలూపుతారు, ఎవరూ డౌటు అడగరు. క్లాసు అయ్యాక ఒక్కొక్కరే వచ్చి, నోట్‌బుక్‌లో వేలు పెట్టి చూపిస్తారు. అందుకని నేను పీరియడ్ అయ్యాక పది నిమిషాలు అక్కడే నిలబడతాను. నా అసలు పాఠం ఆ పది నిమిషాలే.

లెక్కల్లో వాళ్లు గట్టివాళ్లు. నాకే కొన్ని దిద్దుకోవాల్సి వచ్చింది. మనం సరళరేఖకి ‘వై సమానం ఎంఎక్స్ ప్లస్ సి’ అంటాం. వాళ్లకి చిన్నప్పటి నుంచీ ‘కేఎక్స్ ప్లస్ బి’. నేను ఎం అని రాస్తే ‘లావ్‌షి, కే ఏమైంది’ అంటారు. కాంబినేషన్స్‌లో సి పక్కన రాసే అంకెలు ఇంకా ఘోరం. మొత్తం సంఖ్యని వాళ్లు కింద రాస్తారు, తీసుకునే సంఖ్యని పైన. అయిదులో రెండు అని నేను మన అలవాటున అయిదు పైన రాసి రెండు కింద పెడితే, రెండులోంచి అయిదు ఎలా తీస్తారని క్లాసు క్లాసంతా తెల్లమొహం వేసింది.

ఎక్కాలు తొమ్మిది తొమ్మిదుల ఎనభై ఒకటితో ఆపేస్తారు. నేను పదిహేడో ఎక్కం అప్పజెప్పాను, మ్యాజిక్ చేసినట్టు చప్పట్లు కొట్టారు. బదులుగా ఒంటి చేత్తో పది దాకా చూపించడం వాళ్లే నేర్పారు. బొటనవేలు, చిటికెనవేలు చాపితే ఆరు. బొటనవేలు, చూపుడువేలు చాపితే ఎనిమిది. మార్కెట్లో బాగా పనికొస్తుంది.

ఇంగ్లీష్ పేర్లు వాళ్లే పెట్టుకుంటారు. నా క్లాసులో ఆపిల్, స్కై, ఇద్దరు కోబీలు, ఒక ఫ్రైడే ఉన్నారు. ఫ్రైడే శుక్రవారాలే ఎగ్గొడతాడు.

#11 అత్తిలి_సత్తిబాబు

అన్నీ చెబుతున్నారు, తిండి సంగతి చెప్పరేం? పాముల మాట నిజమేనా?

#12 సూ_లావ్‌షి

సత్తిబాబు గారూ, ఏడేళ్లలో నా పళ్లెంలోకి పాము రాలేదు. పంది కొవ్వు మాత్రం రోజూ రావాలని చూస్తుంది.

నేను శాకాహారిని. నా పేరులో మొదటి అక్షరం పట్టుకుని బడివాళ్లు నాకు ‘సూ’ అని పేరు పెట్టారు, లావ్‌షి అంటే మాస్టారు. శాకాహారాన్ని కూడా వాళ్లు ‘సూ’ అనే అంటారు. సమంగా సాగదీస్తే నేను, దబ్బున కిందికి దించితే శాకాహారం. క్యాంటీన్‌లో నిలబడి ‘వో ఛ్ సూ’, అంటే నేను శాకాహారం తింటాను అన్నాను. రాగం తప్పింది. వడ్డించే ఆవిడ గరిటె గాల్లో ఆపి, పక్కావిడతో ఏదో అని, ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. సూ మాస్టారు సూ మాస్టారిని తింటాడట.

ఆమెని అందరూ ‘ఆయీ’ అంటారు. పిన్నిగారు అన్నట్టు. చెవికి మన బడి ఆయాలాగే వినిపిస్తుంది, పని కూడా దాదాపు అదే. ఆవిడే నన్ను బతికించింది. చిక్కుడుకాయ వేపుడులో కైమా చల్లుతారు, ఆకుకూర పంది కొవ్వులో వేయిస్తారు. ఆవిడ నా కోసం విడిగా ఒక బాండీ పెట్టి టమాటా గుడ్డు, బంగాళాదుంప సన్నతరుగు వేయించేది. గుడ్డు నేను అక్కడే మొదలుపెట్టాను, ఇంట్లో చెప్పకండి. కొన్నాళ్లకి కూరలో వెల్లుల్లి మాయమైంది. ఎందుకని అడిగితే, శాకాహారులు బౌద్ధులు కదా, వెల్లుల్లి తినరు కదా అంది. వెల్లుల్లి లేకపోతే నేను తినలేనని చెప్పడానికి ఇంకో వారం పట్టింది.

హునాన్ కారం మనవాళ్లకి పెద్ద ఊరట. ‘దువో జ్యావ్’ అని ఎర్రటి పండుమిరపకాయలు తరిగి ఉప్పేసి ఊరబెడతారు. చింతపండు లేని మన పండుమిరప పచ్చడే. వేడన్నంలో అది, పైన కాస్త నూనె. ఆ బియ్యం కూడా సన్నగా పొడిగా ఉంటాయి, ఉత్తరాన ఉన్నంత జిగట ఉండదు. హైబ్రిడ్ వరి పితామహుడు యువాన్ లాంగ్‌పింగ్ పనిచేసింది ఈ ఊళ్లోనే. 2021 మేలో ఆయన పోయినప్పుడు ఊరు ఊరంతా చామంతులు పట్టుకుని క్యూ కట్టింది. ఏ సినిమా హీరోకో కాదు, వరి పండించే విద్య చెప్పినాయనకి. వరి తినేవాళ్లం, నేనూ వెళ్లి నిలబడ్డాను.

పెరుగు కొంటే తియ్యగా ఉంటుంది. తోడు సంపాదించుకుని ఇంట్లోనే పెట్టుకోండి.

#13 యివూ_రాజు

చైనాలోని యివూ అనే ఊళ్లో 12 ఏళ్లుగా వ్యాపారం. మనవాళ్ల షాపులు, హోటళ్లు ఇక్కడ బోలెడు. షావోషింగ్ దగ్గర కేఛ్యావ్‌లో కూడా బట్టల వ్యాపారంలో మనవాళ్లు చాలామంది ఉన్నారు. కందిపప్పు, ఇంగువ, ఆవాలు ఆన్‌లైన్లో పెడితే చైనాలో ఏ మూలకైనా మూడు నాలుగు రోజుల్లో వస్తాయి. కరివేపాకు మాత్రం అన్ని కాలాల్లో దొరకదు. చింతపండు ఇంటి నుంచి తెచ్చుకోవడమే మేలు.

#14 బెజవాడ_ఫిజిక్స్

ఇంకొకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. రంగు చూసి తేడా చేస్తారా?

#15 ఒంగోలు_గిత్త

చేస్తారు. మా సెంటర్లో పాఠం చెప్పింది మేం, బ్రోచర్ మీద ఫోటో ఒక తెల్లాయనది. ఆయన అసలు టీచరే కాదు, గంటకి ఇంతని ఫోటోలకి వచ్చాడు. ఓ తల్లి నన్ను చూసి రిసెప్షన్లో ‘ఫారినర్ ఎప్పుడొస్తారు’ అని అడిగింది. నేను ఆవిడ ఎదురుగానే ఉన్నాను.

#16 సూ_లావ్‌షి

ఉంది. దాచడం దేనికి? ఏడాదికోసారి ‘ఓపెన్ క్లాస్’ అని, వెనక బెంచీల్లో బయటి టీచర్లు, అధికారులు కూర్చుని మన పాఠం చూస్తారు. మొదటి రెండేళ్లు దానికి నా బదులు కెనడా ఆయన్ని పంపారు, ఆయన సబ్జెక్టు చరిత్ర. మూడో ఏడు నా పిల్లలకి ఏ లెవెల్ లెక్కల్లో మార్కులు బాగా వచ్చాక నన్ను పంపారు. అప్పుడు కూడా టై కట్టుకోమన్నారు, ఆయనకి ఎన్నడూ చెప్పలేదు.

వీధిలో మాత్రం ద్వేషం చూడలేదు, కుతూహలమే. యిందు, అంటే ఇండియా అని తెలియగానే ఆమిర్ ఖాన్ పేరెత్తుతారు. ఆయన్ని ముద్దుగా ‘మీ షూ’ అంటారు. ‘మీ’ ఆయన పేరులో ముక్క, షూ అంటే బాబాయ్. నన్ను టాక్సీలో ఎక్కించుకున్న ప్రతి మూడో డ్రైవరూ ఆయన బాగున్నాడా అని అడిగాడు. బాగున్నాడనే చెబుతున్నాను.

#17 పాలమూరు_పిల్ల

ఆ బయట అనే మాట దగ్గర నాకొకటి గుర్తొచ్చింది. మా డిపార్ట్‌మెంట్లో ఒక అక్క ఉండేది, నా వయసే గానీ అక్క అనేదాన్ని. కొత్త ఫ్లాటు కొనుక్కుని నన్ను భోజనానికి పిలిచింది. గృహప్రవేశానికి ఏం పట్టుకెళ్తాం మనం? గోడ గడియారం. మంచిది, పెద్దది, బంగారు రంగు అంచుది చూసి రెండు వందల యువాన్లు పెట్టి కొన్నాను, ఎర్ర కాగితం చుట్టించాను.

విప్పింది. గది నిశ్శబ్దమైపోయింది. వాళ్లమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, చూసి, అక్కడే ఆగిపోయింది. అక్క మాత్రం నవ్వు చెదరకుండా లేచి, గుమ్మం దగ్గర తగిలించిన బ్యాగులో వెతికి, ఒక యువాన్ నాణెం తెచ్చి నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. ‘ఇది నేను నీ దగ్గర కొన్నాను, నువ్వు ఇవ్వలేదు’ అంది. అప్పుడు వాళ్లమ్మ ఊపిరి పీల్చుకుని, గోడకి మేకు ఎక్కడ కొట్టాలా అని చూడటం మొదలుపెట్టింది.

గడియారం ఇవ్వడం అనే మాట, చావు దగ్గరుండి సాగనంపడం అనే మాట వాళ్ల భాషలో ఒకేలా పలుకుతాయని నాకు తర్వాత తెలిసింది. ఎర్ర ఇంకుతో పిల్లల పేరు కూడా రాయకండి. మార్కులు ఎర్రగా వేయొచ్చు, పేరు వద్దు. అదీ చావుకి సంబంధించినదే. నేను మొదటి టెస్టులో ముప్ఫై మంది పేర్లు రాశాను.

ఆ నాణెం ఇంకా నా దగ్గరే ఉంది.

#18 బెజవాడ_ఫిజిక్స్

అక్కా, మా అమ్మకి చదివి వినిపించాను. మనం ఇంటింటికీ అవే పంచాం కదరా అంది.

ఫోన్లు, డబ్బు పంపడం, రాకపోకలు ఎలా?

#19 ఒంగోలు_గిత్త

వాట్సాప్, గూగుల్, యూట్యూబ్, ఫేస్‌బుక్ ఏవీ రావు. ఇంట్లోవాళ్ల చేత వీచాట్ పెట్టించు. జేబులో నోటు అక్కర్లేదు, చిలగడదుంపలు కాల్చి అమ్మే ముసలాయన కూడా క్యూఆర్ కోడ్ మెడలో వేసుకుంటాడు. డబ్బు పంపాలంటే బ్యాంకులో కాంట్రాక్టు, పన్ను కట్టిన కాగితం చూపించాలి. నా దగ్గర రెండూ లేవు కాబట్టి అడ్డదారిలో పంపి ఓసారి మునిగాను. ఆ కథ ఇక్కడ వద్దు.

#20 సూ_లావ్‌షి

రాకపోకలు ఇప్పుడు కాస్త నయం. 2020లో ఆగిపోయిన నేరు విమానాలు 2025 అక్టోబర్ 26న కోల్‌కతా – గ్వాంగ్‌జౌతో మళ్లీ మొదలయ్యాయి. మధ్యలో అంతా బ్యాంకాక్ మీంచో కౌలాలంపూర్ మీంచో తిరిగి వెళ్లాం. అంతకుముందు కోవిడ్‌లో అయితే వెళ్తే తిరిగి రావడం కుదరదని నేను కదలనే లేదు. 2023 జనవరి 8న క్వారంటైన్ ఎత్తేసేదాకా మూడున్నరేళ్లు అమ్మని ఫోన్‌లోనే చూశాను. తెలివిగా చేశానో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. కుటుంబాన్ని తీసుకెళ్లే వీలుంటే తీసుకెళ్లండి. వీలు లేకపోతే మీ ఆవిడ వద్దన్న మాట మళ్లీ ఒకసారి వినండి.

#21 బెజవాడ_ఫిజిక్స్

అప్‌డేట్. ఏజెంటుకి ఫోన్ చేసి జెడ్ వీసా ఇప్పిస్తేనే వస్తానన్నాను. ‘అవన్నీ తర్వాత సార్, ఈ వారంలో కడితే ఇరవై వేలు తగ్గిస్తా’ అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

సూ గారు మెసేజ్‌లో పంపిన రెండు ఇంటర్నేషనల్ విభాగాలకి ఫిజిక్స్ కోసం దరఖాస్తు పెట్టాను. ఒకళ్లు వచ్చే గురువారం ఆన్‌లైన్లో డెమో క్లాస్ అడిగారు. 20 నిమిషాలు, కరెంటు పాఠం, ఓమ్స్ లా. డిగ్రీ కాగితాల ముద్రల కోసం సోమవారం సెలవు పెట్టాను. మా ఆవిడ చలి బల్ల ఫోటో పెట్టమంటోంది.

#22 అత్తిలి_సత్తిబాబు

సర్లే, వెళ్తే వెళ్లు. ఆవకాయ జాడీ సూట్‌కేస్‌లో పెట్టేముందు మూతకి గుడ్డ కట్టు. మా బావమరిది మస్కట్ వెళ్తూ కట్టలేదు, చొక్కాలన్నీ పారేసుకున్నాడు.

#23 సూ_లావ్‌షి

బల్ల ఫోటో రాత్రికి పెడతాను. డెమోలో నిర్వచనంతో మొదలుపెట్టకండి, అది వాళ్లకి మనకంటే బాగా వచ్చు. బ్యాటరీ, బల్బు, తీగ కెమెరాకి చూపించి మొదలుపెట్టండి. నెమ్మదిగా మాట్లాడండి, బెజవాడ స్పీడు వద్దు. ఏదైనా ప్రశ్న వేసి ఎవరూ పలక్కపోతే కంగారు పడకండి. మనసులో పది దాకా లెక్కపెట్టండి, ఎవరో ఒకరు చెబుతారు.

ఇక్కడ మైకులో కళ్ల వ్యాయామం మొదలైంది. అయిపోగానే నాకు క్లాసు. ఇవాళ శుక్రవారం, ఫ్రైడే వచ్చాడో లేదో చూడాలి.